తన్నీ నాతో ఇంగ్లీషే మాట్లాడేది

తన్నీకి ఇంగ్లీషు పోయిందట. ఆ కబురు కాన్సాస్ నుంచి వసుకి వచ్చింది, వసు నుంచి నాకు వచ్చింది. ముప్పై ఏళ్ళయినా ఆ వరస మారలేదు. తన్నీ ఇంటి సంగతి ఏదైనా ముందు కాలిఫోర్నియాలోని డబ్లిన్ దాకా వెళ్ళి, అక్కడ వసు ఇంట్లో కాసేపు కూర్చుని, ఆ తర్వాత తీరిగ్గా టెక్సాస్‌లో మా కాపెల్‌కి చేరుతుంది. మ్యాప్ తీసి చూస్తే కాన్సాస్‌కి నేనే దగ్గర. దగ్గరితనం మ్యాపులో ఉండి ఏం లాభం?

"మతిమరుపని తెలుసు కదనే. ఇప్పుడు ఇంగ్లీష్ మొత్తం పోయిందంట. చిన్నప్పటి భాష ఒక్కటే మిగిలిందంట. అనెలీ ఫోన్ చేసి ఒకటే ఏడ్పు," అంది వసు. అనెలీ తన్నీ కూతురు. "నేను ఫ్రైడే ఫ్లైట్ బుక్ చేసిన. డల్లాస్‌ల దిగుత. ఆడికెంచి నీ కార్ల పోదాం." నన్ను కూడా రమ్మందా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడిగితే, నిన్ను వేరే పిలవాల్నా అంటుంది. వసుని వేరే పిలిచారు కదా! మింగేశాను. ఇన్నేళ్ళ స్నేహంలో నేను మింగినవన్నీ పోగేస్తే ఒక విందు భోజనం అవుతుంది.

తన్నీ ఎవరో చెప్పాలి. మేమిద్దరం చదువుకోడానికి ఈ దేశం వచ్చిన కొత్తలో మాకు గదులు అద్దెకిచ్చిన పెద్దావిడ. పేరు హెస్టర్. దక్షిణాఫ్రికా మనిషి, ఆఫ్రికాన్స్ మాట్లాడే కుటుంబం. భర్త గోధుమ వంగడాల మీద పరిశోధన చేస్తూ మా యూనివర్సిటీకి వచ్చి, ఆ ఊళ్ళోనే ఇల్లు కొని, ఆ ఊళ్ళోనే పోయాడు. వాళ్ళ భాషలో తన్నీ అంటే పిన్ని, అత్త, పెద్దమ్మ, ఎవరైనా సరే. చుట్టరికం అక్కర్లేదు, వయసుంటే చాలు. ఇక్కడ మన పిల్లలు గుళ్ళో కనిపించిన ప్రతి పెద్దావిడనీ ఆంటీ అనేసినట్టే. మొదటిరోజే ఆవిడ మాతో, నన్ను తన్నీ అనండి అంది. వసు అనేసింది. నాకు వారం పట్టింది. తెలుగులో ఆ మాట అంటే కాలు లేస్తుంది కదా, పెద్దావిడ ముఖం మీద ఎలా అనడం?

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నాకు తెలిసిపోతుంది. చెక్క నేలకి రుద్దే మైనం, ఎనామిల్ కెటిల్‌లో మరిగి మరిగి నల్లబడ్డ కాఫీ, శనివారాలు సోంపు. శనివారం ఆవిడ బెస్కెయ్ట్ చేసేది. మజ్జిగ పోసి కలిపిన పిండిలో సోంపు వేసి, బ్రెడ్డులా కాల్చి, ముక్కలు విరిచి, మళ్ళీ సన్నటి వేడి మీద గంటలకొద్దీ ఎండబెట్టేది. అచ్చం మన రస్కులే, కాకపోతే ఇటుకల అన్నలు. ఊరికే కొరికితే పళ్ళు పోతాయి. కాఫీలో ముంచి, సరిగ్గా విరిగి పడిపోబోయే ముందు నోట్లో పెట్టుకోవాలి. పొద్దున్నే ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, బయట గాలికి వంగుతున్న గడ్డిని చూస్తూ, ఎవరితోనూ మాట్లాడకుండా రెండు ముక్కలు ముంచుకుని తినేది. ఆ తర్వాతే ఆవిడకి తెల్లారేది. తెనాల్లో మా నాయనమ్మ స్తోత్రం పూర్తయ్యేదాకా మంచినీళ్ళు కూడా అడగకూడదు. ఇక్కడ బెస్కెయ్ట్ పూర్తయ్యేదాకా అద్దె సంగతి ఎత్తకూడదు. పెద్దవాళ్ళ పొద్దులన్నీ ఒకటే అనుకునేదాన్ని.

మేం చేరిన మొదటి శనివారమే నా జాతకం తేలిపోయింది. వంటింట్లో బల్ల మీద మూడు కప్పులు పెట్టి, మెట్ల దగ్గర నిలబడ్డ మా ఇద్దరినీ చూసి, కాఫీ తాగుతారా, కూర్చుంటారా అని అడిగింది తన్నీ. నేను మా అమ్మ పెంచిన పిల్లని. పరాయి ఇంట్లో ఏదైనా పెడితే మొదటిసారి వద్దనాలి. రెండోసారి అయ్యో ఎందుకండీ అనాలి. మూడోసారి అడిగాక, మీరింతగా అంటున్నారు కాబట్టి అన్నట్టు ముఖం పెట్టి పుచ్చుకోవాలి. అడగ్గానే తీసుకున్నవాళ్ళని మా ఇంట్లో కరువు ప్రాంతంవాళ్ళనేవారు. కాబట్టి నేను ఎంతో ముద్దుగా నవ్వి, నో థాంక్స్ అన్నాను. వసు ఎస్ అంది, కుర్చీ లాక్కుని కూర్చుంది, బెస్కెయ్ట్ డబ్బా మూత కూడా తనే తీసింది. తన్నీ తల ఊపి, మూడో కప్పు తీసుకెళ్ళి అలమర్లో పెట్టేసింది. అలమర తలుపు మూసుకున్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నేను మెట్ల మీద ఇంకాసేపు నిలబడ్డాను, ఏదో మర్చిపోయినదానిలా. రెండోసారి వస్తుందని. రాలేదు. పైకెళ్ళి, కుళాయి నీళ్ళు తాగి, చదువుకున్నాను.

ఆ శీతాకాలం దాకా ప్రతి శనివారం అదే. నేను మెట్ల మీంచి ఆశగా ఆలస్యంగా దిగడం, ఆవిడ గుడ్ మార్నింగ్ అనడం, నేను గుడ్ మార్నింగ్ అనడం. కాఫీ అన్న మాట మళ్ళీ రాలేదు. కింద వాళ్ళిద్దరి నవ్వులు, పైన నేనూ నా పుస్తకాలూ. వసు చదివేది సివిల్ ఇంజినీరింగ్. కాంక్రీటు, కడ్డీలు, వంతెనలు. భాషలతో దానికి ఏ సంబంధమూ లేదు. మనం చేసేది లింగ్విస్టిక్స్. మా ఊళ్ళో నా చదువేంటో ఎవరికీ అర్థంకాక, భాషాశాస్త్రం అని నాన్న చెప్తుంటే, భాష రాదా అమ్మాయికి, పాపం అన్నవాళ్ళున్నారు. వాళ్ళ నోటికి వాక్శుద్ధి ఉంది. రెండు నెలలు తిరిగేసరికి, కూరగాయలు తరుగుతూ, చేటంత ముఖం చేసుకుని నవ్వుతూ, వసు ఆవిడతో ఆఫ్రికాన్స్‌లో మాట్లాడేస్తోంది.

నేను పైన కూర్చుని అదే భాషకి వ్యాకరణం చదువుతున్నాను! అది కదా తమాషా. సెమినార్‌లో ఒక్కొక్కరూ ఒక్కో భాష తీసుకుని పేపర్ రాయాలి. మా ప్రొఫెసర్, నీకేమమ్మా, భాష మాట్లాడే మనిషి ఇంట్లోనే ఉంది అని, ఆఫ్రికాన్స్‌లో కర్మణి ప్రయోగమూ పదక్రమమూ నాకిచ్చాడు. పెరటి చెట్టు మందుకి పనికిరాదన్న సామెత ఆయనకి తెలియదు. పనికిరావడం సంగతి తర్వాత, నాకా పెరట్లోకి దారే లేదు. ఆ అంశం నాకు కరతలామలకంగా ఉండాల్సింది నిజానికి. ఆ భాషలో వాక్యం సగం దారి ఇంగ్లీషుతో నడిచి, సగం దారి నుంచి మనతో వచ్చేస్తుంది. పిల్లి తాగుతుంది పాలు అన్నట్టు మొదలవుతుంది. కానీ 'పిల్లి పాలు తాగుతుందని నాకు తెలుసు' లాంటిది చెప్పాలంటే ఆ తాగడం కాస్తా చివరికెళ్ళి కూర్చుంటుంది, మన భోజనంలో పెరుగన్నంలా. కర్మణి వాక్యంలో కూడా అంతే. పాలు, పిల్లిచేత, అని అన్నీ వరసగా వచ్చాక ఆఖర్న తాగబడ్డాయి. తెలుగు చెవికి ఆ ఆఖరిదాకా ఆగడం అలవాటే. తెలుగు నోటికే ఆ 'బడ్డాయి' అలవాటు లేదు. మనింట్లో కప్పు పగులుతుంది, పాలు ఒలుకుతాయి, తాళం చెవి పోతుంది. ఎవరు చేశారన్నది అడిగితే గానీ బయటికి రాదు. పగలగొట్టబడటం, తెలియజేయబడటం అన్నీ కోర్టు నోటీసుల్లో, రైలు స్టేషన్లో.

ఇదంతా పేపర్‌కి బాగానే ఉంది. కానీ ప్రతి వాక్యానికీ, ఇలా అంటారా అనరా అని అడగాల్సింది తన్నీని. వంటింట్లోకి పిలుపులేని నేను, మెట్ల మీద నిలబడి వసుకి చెప్పేదాన్ని, వసు ఉల్లిపాయలు తరుగుతూ ఆవిడని అడిగేది, ఇద్దరూ నవ్వేవాళ్ళు, వసు మెట్ల వైపు తల తిప్పి తీర్పు వినిపించేది. "ఇది తప్పేం కాదంట గానీ శారదా, అట్ల ఎవరు అనరంట. సచ్చిపోయినోళ్ళు కూడ అనరంట." వ్యాకరణం తెలిసిన కర్త నేను, కర్మ కూడా నాదే, క్రియ మాత్రం వసు చేతిలో.

వాళ్ళ భాషలో పెద్దవాళ్ళని నువ్వు అనరు. మీరు అన్న మాట ఉంది గానీ, అది కూడా అనరు. తన్నీకి ఇంకొంచెం కాఫీ కావాలా, తన్నీ కళ్ళజోడు తన్నీ దగ్గరే ఉందా అని ఎదుట ఉన్న మనిషి వరసనే మళ్ళీ మళ్ళీ అంటారు. అత్తయ్యగారు లేచారా, అత్తయ్యగారు భోంచేశారా అని మా అమ్మ మా నాయనమ్మని అడిగినట్టే. ఇది ఏ పుస్తకంలోనూ అంత స్పష్టంగా లేదు. వసు వినీ వినీ పట్టేసింది. నేనొకసారి ధైర్యం చేసి, హాల్లో ఎదురుపడ్డప్పుడు పుస్తకంలోని 'మీరు' పెట్టి, వాతావరణం మీద ఒక పూర్తి వాక్యం, కర్మణిలో, క్రియ ఎక్కడుండాలో అక్కడ పెట్టి అప్పజెప్పాను. తన్నీ ఆగింది. తలుపు దగ్గర పోలీసు నిలబడితే చూసినట్టు చూసింది. తర్వాత ఎంతో దయగా ఇంగ్లీషులో, అవును, ఇవాళ చలిగా ఉంది అంది.

చలిగానే ఉంది. వసు పక్కన నడుస్తుంటే కూడా చలి వేసేది నాకు ఆ రోజుల్లో. ఒక్కసారి, ఒక్క వాక్యం, దాన్ని పిలిచినట్టు నన్ను ఆవిడ తన భాషలో పిలవాలి. డిగ్రీ కంటే అదే ఎక్కువ కావాల్సి వచ్చింది నాకు. ఇంటి నుంచి వచ్చే ఫోను నెలకోసారి, అదీ కొద్ది నిమిషాలు. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. పొద్దున్నే లేచి ఎవరో ఒకరు సొంత భాషలో, ఏమే లేచావా అనే ఇల్లు కావాలి మనిషికి. వసుకి కొత్త భాషలో ఆ ఇల్లు దొరికేసింది. అద్దె ఇద్దరం ఒకటే కట్టేవాళ్ళం.

డిసెంబరు సెలవులకి వసు షికాగోలో చుట్టాలింటికెళ్ళింది. మంచు పడి రోడ్లు మూసుకుపోయాయి. ఇంట్లో తన్నీ, నేనూ. పేపర్ ఇవ్వాల్సిన రోజు దగ్గరపడింది. మెట్ల మీద నిలబడి అడగడానికి ఇప్పుడు మనిషి లేదు. పొద్దున్న ఆవిడ బెస్కెయ్ట్ తినడం పూర్తయ్యేదాకా ఆగి, కాగితాలు పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వెళ్ళాను. రా, కూర్చో అంది. కూర్చున్నాను. కెటిల్ మరుగుతోంది. ఆవిడ కాఫీ ఊసెత్తలేదు. నేను వాక్యాలు అడిగాను, ఆవిడ ఔనంది, కాదంది. కెటిల్ ఇంకా మరుగుతోంది. చివరికి వాక్యాలు వదిలేసి అడిగేశాను, మొదటి శనివారం నేను వద్దన్నాక మళ్ళీ ఎందుకు అడగలేదు అని.

"నువ్వు వద్దన్నావు. వయసొచ్చిన అమ్మాయితో తన కడుపు గురించి నేను వాదించనా?" అంది తన్నీ, ఇంగ్లీషులోనే.

మా వైపు మొదటి వద్దుకి అర్థం లేదని చెప్పాను. అది పలకరింపు లాంటిదనీ, మూడోసారి చెప్పేదే అసలు జవాబనీ వివరించాను. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి మరీ విన్నది.

"రెండోసారికే నేను ఆపేస్తే?"

"మేం ఆకలితో ఉండిపోతాం. ఇంటికెళ్ళి మీ గురించి చెప్పుకుంటాం."

ఆవిడ నవ్వింది. నేను మొదటిసారి తెప్పించిన నవ్వు. నవ్వి, కిటికీలోంచి మంచు వైపు చూసింది. తర్వాత, "నేను పెరిగిన చోట నీ రంగు అమ్మాయిని ఇలా మా బల్ల దగ్గర కూర్చోమని ఒక్కసారి కూడా అడిగేవాళ్ళం కాదు. వీధి తలుపు దాటి రానిచ్చేవాళ్ళం కాదు. ఒక్కసారి అడగడమే ఇంకా నేర్చుకుంటున్నానమ్మా. మూడుసార్లంటే కొంచెం టైమివ్వు," అంది.

అలా ఎందుకుండేదని అడిగాను. ఆవిడ నా కాగితం వైపు వేలు చూపించి, నీకు కర్మణి వాక్యం కావాలన్నావుగా, రాసుకో అంది. డిట్ ఇస్ బెస్లెయ్ట్. అలా నిర్ణయించబడింది. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళని ఏదడిగినా ఇదే చెప్పేవాళ్ళు, ఎవరు నిర్ణయించారని అడిగితే ఆ వాక్యంలో ఎవరూ ఉండరు. ఆ వాక్యం అంటే మావాళ్ళకి అందుకే అంత ఇష్టం, అంది. నేను రాసుకున్నాను. పేపర్‌లో దాని కింద మా ప్రొఫెసర్ ఎర్ర సిరాతో గీత గీసి, చాలా మంచి ఉదాహరణ అని రాశాడు. ఆయనకి అందులో కాఫీ వాసన తగల్లేదు.

ఆ రోజు నుంచి ఆవిడ నన్ను మూడుసార్లు అడగడం మొదలుపెట్టింది. ఎంత శ్రద్ధగా అనుకున్నారు! కాఫీ? నో. కాఫీ? నో, నో. ఆవిడ ఊపిరి లోపలికి పీల్చుకుని, పాట మూడో చరణం ఎత్తుకున్నట్టు, కాఫీ? అనేది. షికాగో నుంచి తిరిగొచ్చిన వసు ఈ తంతు చూసి తెల్లబోయింది. "ఏందే ఈ పూజ? ముద్దుగ ఒకసారి ఎస్ అంటే అయిపాయె కద." నా గుండె ఎంత చల్లబడిందో చెప్పలేను. వసుకి లేనిది నాకొకటి దొరికింది. కానీ ఎంతసేపు? ఆ మూడు కాఫీలూ ఇంగ్లీషులోనే. కప్పు నా ముందు పెట్టి, వసు వైపు తిరిగి ఆఫ్రికాన్స్‌లో పడిపోయేది ఆవిడ. ఒకసారి ఉండబట్టలేక, నాతో కూడా మాట్లాడొచ్చుగా అన్నాను. తన్నీ నా చెయ్యి తట్టి, "నువ్వు మాట్లాడితే మునిసిపాలిటీ నుంచి ఉత్తరం వచ్చినట్టుంటుందమ్మా. నువ్వు వాక్యాలు అడుగుతావు. అదేమో కేకు అడుగుతుంది," అంది. వసు పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే మర్యాదగా ఉండదు.

కాపెల్లో మా వీధిలో ఇప్పుడు నడకకి వెళ్తే ఆ చివర నుంచి ఈ చివరకి తెలుగే. చదువుకోడానికి వచ్చే పిల్లలు దిగీ దిగగానే నలుగురైదుగురు ఒక అపార్ట్‌మెంట్ పట్టుకుంటారు, అందులో ఒకరు గుంటూరు, ఒకరు నల్గొండ. వారం తిరక్కుండా ఒకరి యాస ఒకరికి అంటుకుంటుంది. గోంగూర దొరుకుతుంది, కర్వేపాకు దొరుకుతుంది. పరాయి ఆవిడ వంటింటి గడప దగ్గర నిలబడి, పిలుస్తుందా పిలవదా అని గుటకలు మింగాల్సిన అవసరం వాళ్ళకి రాదు. మంచిదే. అయినా వాళ్ళని చూస్తే జాలి కూడా వేస్తుంది, ఎందుకో సరిగ్గా చెప్పలేను. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఎవరు ఏది పెట్టినా మొదటిసారే ష్యూర్ అంటుంది. అది చూసి మా అమ్మ ఉండి ఉంటే ఏమనేదో అనుకుంటాను, కానీ పిల్ల కడుపు నిండా తిని ఇంటికొస్తుంది. నేను చివరికి పీహెచ్‌డీ వైపు వెళ్ళలేదు, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మాన్యువల్స్ రాసి రిటైర్‌మెంట్ దగ్గరికి వచ్చాను. మాన్యువల్స్‌లో మొట్టమొదటి రూలు కర్మణి వాడకూడదని. బటన్ నొక్కబడదు, నువ్వే నొక్కాలి. ఏ చదువు చదివానో దాన్నే పాతికేళ్ళు ఎర్ర గీతలతో కొట్టేశాను.

శుక్రవారం వసు దిగింది. కారెక్కింది మొదలు ఓక్లహోమా దాటేదాకా దాని నోరు ఆగలేదు. దారి పొడుగునా తన్నీకి చెప్పాల్సిన మాటలు ఆఫ్రికాన్స్‌లో అనుకుంటూ కూర్చుంది. అక్కడక్కడా మాట గుర్తురాకపోతే తెలుగు పెట్టి పూడ్చేసింది. నాకు స్టీరింగ్ విరిచేద్దామన్నంతగా ఉంది. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా దానికి మాట వస్తోంది. నేను కూడా లోపల్లోపల కొన్ని అనుకుని చూశాను. అన్నీ మునిసిపాలిటీ నుంచే వచ్చాయి.

వృద్ధాశ్రమం ఊరి చివర, గోధుమ పొలాలకి ఎదురుగా. అనెలీ గుమ్మంలోనే వసుని కావలించుకుంది, తర్వాత నన్ను కూడా కావలించుకుంది. అమ్మ ఎవరినీ గుర్తుపట్టడం లేదు, ఏమీ అనుకోకండి అంది. తన పిల్లలకి ఆఫ్రికాన్స్ రాదట, నర్సులకి అసలే రాదు. అమ్మ రోజంతా మాట్లాడుతూనే ఉంటుంది, నేను లేనప్పుడు జవాబు చెప్పేవాళ్ళే లేరు అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆ మాట విన్నాక నేను పడ్డ అసూయకి ఒక క్షణం సిగ్గేసింది. ఒక క్షణమే.

తన్నీ కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. సగానికి సగం అయిపోయింది. వసు మోకాళ్ళ మీద కూర్చుని, ఆవిడ చేతులు పట్టుకుని మొదలుపెట్టింది. గలగల, గలగల. పాత ఇల్లు, కేకులు, మంచు, అన్నీ. తన్నీ ఎంతో మర్యాదగా విన్నది, రేడియోలో మంచి కార్యక్రమం వస్తున్నట్టు. మధ్యలో ఒకటి రెండుసార్లు బాగుంది, బాగుంది అంది. వసు ముఖం మెల్లిగా వాడిపోయింది. పరాయివాళ్ళకి చూపించే మర్యాద ఎలా ఉంటుందో వసుకి తెలియదు. దానికది ఎప్పుడూ దొరకలేదు. నాకు తెలుసు, నేను గుర్తుపట్టాను. నేను మంచం అంచున ఊరికే కూర్చుని ఉన్నాను, మాట్లాడే ధైర్యం లేక.

తన్నీ తల తిప్పి నన్ను చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి. నాతో మొదలుపెట్టింది. గాలి, దండెం, ఉతికిన బట్టలు, పొద్దున్నుంచీ, అని ఒకదాని వెనక ఒకటి మాటలు వస్తున్నాయి, క్రియ మాత్రం రావట్లేదు. నేను ఆగాను. నాకు ఆగడం వచ్చు. వాక్యం ఆఖరికి ఆ మాట వచ్చి తన చోట్లో కూర్చుంది: బట్టలు లోపలికి తేబడాలి. ఎవరు తేవాలో అందులో లేదు. చుట్టూ చూసింది, తెచ్చేవాళ్ళ కోసం. నేను తెస్తాను తన్నీ అన్నాను. ఆఫ్రికాన్స్‌లో, చాలా చిన్న వాక్యం. ఆవిడ పోలీసుని చూసినట్టు చూడలేదు. ముందుకి వంగి, నా ముఖం దగ్గరికి ముఖం పెట్టి, "వీ సె కింట్ ఇస్ యెయ్?" అంది.

ఎవరి పిల్లవే నువ్వు? మా తెనాల్లో వీధి అరుగుల మీద ముసలమ్మలు, దారిన పోయే ప్రతి పిల్లనీ ఆపి అడిగే మాట. అందులో మీరు లేదు, మర్యాద లేదు, ఇంగ్లీషు లేదు. నువ్వు అంది నన్ను. పక్కన వసు కళ్ళు తుడుచుకుని, నేను చెప్తానన్నట్టు నోరు తెరిచింది. దాని భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కాను.

"తన్నీ సన్," అన్నాను. తన్నీ పిల్లనే.

ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది. తెలిసిన సంగతే అన్నట్టు తలాడించి, కుర్చీలో వెనక్కి వాలి, విసుగ్గా చెయ్యి విదిలించింది. మరి ఇంకా కూర్చున్నావేం, వాన వచ్చేస్తోంది, వెళ్ళి తీసుకురా అంది, ఆఫ్రికాన్స్‌లో, ఒక్కసారే. బయట ఎండ కాస్తోంది. దండెం ఎక్కడా లేదు. నేను లేచాను. వసు కూడా లేవబోయింది. దాన్ని కూర్చోమన్నాను. చెప్పింది నాకు.